సమాధి చెప్పనిది పాటిమన్ను చెబుతుంది

నేనుండేది నెదర్లాండ్స్ ఉత్తరాన, గ్రోనింగెన్‌లో. అక్కణ్ణుంచి గంటసేపు సైకిల్ తొక్కితే ఎజింగె అనే చిన్న ఊరొస్తుంది. ఎటు చూసినా చదునైన పచ్చిక, మధ్యలో ఎత్తుగా ఒక దిబ్బ, దిబ్బ మీద పాత ఇటుకల చర్చి. ఊళ్ళో ఒక చిన్న మ్యూజియం ఉంది. పోయినేడు ఒక ఆదివారం అక్కడ ఒక పాత ఫొటో ముందు ఆగిపోయాను. మనుషులు పారలు పట్టుకుని దిబ్బని నిలువునా కోస్తున్నారు. కోసిన చోట నల్లటి మట్టి పొరలు పొరలుగా కనబడుతోంది. కింద రాసింది చదివితే అర్థమైంది, ఆ మట్టిని ఎరువుగా అమ్మేవారట. పక్కన ఎవరూ లేకపోయినా "పాటిమన్ను" అన్నాను పైకే.

మా అమ్మమ్మగారి ఊరు కృష్ణ ఒడ్డున. ఊరికి పడమటి పక్క పాటిదిబ్బ ఉండేది. ఎప్పుడో ఊరుండి, పాడుబడి, మట్టిలో కలిసిపోయిన చోటు. ఎండాకాలం పొలాలు ఖాళీ కాగానే తాతయ్య బండి కట్టుకెళ్ళి ఆ మట్టి తోలేవాడు. బూడిద రంగులో ఉండేది, గుప్పిట్లోకి తీసుకుంటే పొడిపొడిగా జారిపోయేది. మిరపతోటకి దాన్ని మించిన ఎరువు లేదనేవాడు. బండి తిరగేసినప్పుడల్లా మట్టితో పాటు పెంకులు పడేవి, లోపలి పక్క నలుపు, బయటి పక్క ఎరుపు. "ఒరేయ్ నాన్నా, ఆ పెంకులేరి గట్టు మీద పారెయ్యి, కాళ్ళకి గుచ్చుకుంటాయి" అనేవాడు. నేను గంపలకు గంపలు ఏరి పారేశాను. అలాంటి ఎరుపు నలుపు కుండలు ఇనుప యుగం నుంచి శాతవాహనుల దాకా మన నేల మీద వాడారని పాతికేళ్ళ తర్వాత ఒక పుస్తకంలో బొమ్మ చూస్తే గానీ తెలియలేదు.

ఎజింగె నుంచి తిరిగొస్తుంటే మనసులో పడ్డ మాటే ఇప్పుడు రాస్తున్నాను. రెండు వేల ఏళ్ళ నాటి మనుషుల్ని మనం వాళ్ళ సమాధుల్లోంచి చూడటానికి అలవాటు పడిపోయాం. వాళ్ళు బతికిన ఊరిదిబ్బని మాత్రం మట్టి కిందే లెక్కేస్తున్నాం. ఇది తప్పు. ఈ తప్పు వల్ల ఏం పోతుందో చెప్పడానికి ఈ ఉత్తర సముద్ర తీరం కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అగస్టస్, టైబీరియస్ రోమ్‌ని ఏలుతున్న రోజుల్లో ఈ తీరానికి కరకట్టలు లేవు. అవి రావడానికి ఇంకో వెయ్యేళ్ళు పట్టింది. సముద్రం రోజుకి రెండుసార్లు పొంగి వచ్చేది, తుఫానొస్తే మైళ్ళ కొద్దీ లోపలికి తోసుకొచ్చేది. అయినా జనం ఇక్కడే ఉన్నారు, ఎందుకంటే ఈ ఉప్పునేల మీద పెరిగే గడ్డి పశువులకి బ్రహ్మాండమైన మేత. ఇంటి కింద నేలని పేడతో, బంకమట్టితో, పచ్చిక గడ్డలతో ఎత్తు చేసుకునేవారు. ఇల్లు పాతబడితే కూల్చి, ఇంకాస్త ఎత్తు చేసి, దాని మీదే మళ్ళీ కట్టేవారు. నాలుగిళ్ళ దిబ్బలు కాలక్రమంలో కలిసిపోయి ఊరిదిబ్బ అయ్యేది. వీటినే ఇక్కడ టెర్ప్ అనీ వీర్డె అనీ అంటారు. పడమటి వైపు ఫ్రీసియన్లు, తూర్పున ఇప్పటి జర్మనీ తీరంలో చౌకీలు అనే తెగ ఇలాగే బతికారు.

ఆ చౌకీల్ని కళ్ళారా చూసి రాసిన రోమన్ ఒకడున్నాడు, పెద్ద ప్లినీ. ఈయన మనకి కొత్తవాడు కాదు. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టెర్షియస్‌లు (రోమన్ నాణేలు) రోమ్ నుంచి లాగేసుకుంటోందని వాపోయింది ఈయనే. ఆ మాట చదివి గర్వపడని వాళ్ళు మనలో తక్కువ. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేల గురించి ఎవరు రాసినా ప్లినీని తలుచుకోకుండా ఉండరు. క్రీ.శ. 47 ప్రాంతంలో ఆయన సైన్యంలో పనిచేస్తూ ఈ తీరానికి వచ్చాడు. తర్వాత తన ప్రకృతి చరిత్ర గ్రంథంలో చౌకీల గురించి రాసుకున్నాడు.

ఆయన చెప్పిందాని సారం ఇది. ఇక్కడ సముద్రమేదో నేలేదో తేల్చి చెప్పలేం. ఈ దౌర్భాగ్యులు చేత్తో ఎత్తిన దిబ్బల మీద గుడిసెలేసుకుని ఉంటారు, పోటు వస్తే ఓడలో ఉన్నవాళ్ళలా, ఆటు వస్తే ఓడ మునిగి ఒడ్డున పడ్డవాళ్ళలా కనబడతారు. వీళ్ళకి పశువులు లేవు, పొరుగువాళ్ళలా పాలు తాగే యోగం లేదు. వేటాడదామంటే చుట్టుపక్కల పొదైనా లేదు. గుడిసె చుట్టూ చేపలు పట్టుకుంటారు, గుంటలో నిలిచిన వాననీళ్ళు తాగుతారు, చేత్తో పట్టిన బురదని ఎండకి కాదు గాలికి ఆరబెట్టి, దాంతో వంట చేసుకుని చలి కాచుకుంటారు. ఇలాంటివాళ్ళు కూడా రోమ్ మమ్మల్ని గెలిస్తే బానిసలమైపోతాం అంటారు!

ఆ బురద పీట్, అంటే చిత్తడిలో మొక్కలు కుళ్ళి పేరుకుని ఏర్పడే మండే మట్టి, అయ్యుంటుందని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. నాకు మాత్రం మొదటిసారి చదివినప్పుడు పిడకలే కళ్ళ ముందు కదిలాయి.

ఇప్పుడు దిబ్బ ఏమంటుందో చూద్దాం. జర్మనీలో బ్రెమర్‌హాఫెన్‌కి ఉత్తరాన ఫెడర్సెన్ వీర్డె అనే ఊరిదిబ్బ ఉంది. చౌకీల ప్రాంతమే. వెర్నర్ హార్నాగెల్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు 1955 నుంచి 1963 దాకా తొమ్మిదేళ్ళు దాన్ని తవ్వించాడు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో నేలమట్టంగా మొదలైన ఊరు, క్రీ.శ. 1వ శతాబ్దంలో దిబ్బల మీదికెక్కింది. పేడలో, తడిమట్టిలో గాలి తగలదు కాబట్టి కర్ర కుళ్ళలేదు. అందుకే మామూలుగా గుంటల మరకలు మాత్రమే మిగిలే చోట ఇక్కడ తడికె గోడల మొదళ్ళు అల్లిన అల్లిక అల్లినట్టే బయటపడ్డాయి.

ఇళ్ళన్నీ పొడుగ్గా ఉన్నాయి. ఒకే కప్పు కింద ఒక కొసన పొయ్యి, మనుషులు. మిగతా పొడవంతా కొట్టం. మధ్యలో దారి, అటూ ఇటూ తడికెలతో అడ్డం కట్టిన అరలు, ఒక్కో అరలో పశువులు కట్టేసే చోటు. రాయలసీమ పాత ఇళ్ళలో ఇంట్లోనే పశువుల్ని కట్టేసే గాటిపాట ఉండేదని విన్నవాళ్ళకి ఈ ఇంటి ప్లాను కొత్తగా అనిపించదు. ఇలాంటి కొట్టాలు ప్లినీ వచ్చిన 1వ శతాబ్దపు పొరల్లోనే ఉన్నాయి. 3వ శతాబ్దానికి ఊరు బాగా పెరిగి 26 ఇళ్ళయ్యాయి, సుమారు మూడొందల మంది జనం, కొట్టాల్లో నాలుగొందలకు పైగా పశువులకు చోటు. ఇళ్ళ పక్కన గుంజల మీద ఎత్తుగా నిలబెట్టిన గాదెలు. ఉప్పునేల తట్టుకునే బార్లీ, చిక్కుడు జాతి గింజలు, నూనెకీ నారకీ అవిసె పండించారు. దూరాన్నించి తెచ్చిన తిరగలి రాళ్ళున్నాయి, రోమన్ల ఎర్ర మట్టిపాత్రల ముక్కలున్నాయి.

పశువులు లేవన్నాడు ప్లినీ. ఆ దిబ్బని ఎత్తిందే పశువుల పేడ!

ప్లినీ అబద్ధమాడాడని నేననను. ఏ తుఫాను నాడో, ఏ చివరి దిబ్బనో దూరం నుంచి చూసి ఉంటాడు, జాలిపడి ఉంటాడు. కానీ ఆ దిబ్బ తవ్వకపోయుంటే చౌకీల గురించి లోకానికి ఆ జాలి ఒక్కటే మిగిలేది. నిజానికి చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 98లో రాసిన పుస్తకంలో ఇదే చౌకీల్ని జర్మన్ తెగల్లో అందరికంటే మర్యాదస్తులన్నాడు. ఇద్దరూ రోమన్లే, ఇద్దరూ పెద్ద పండితులే, చెప్పినవి మాత్రం ఒకదానికొకటి పొసగవు. వాళ్ళలో వాళ్ళు తేల్చుకోలేని సంగతి కొట్టంలో అడ్డుతడికెలు లెక్కపెడితే తేలింది. రోమ్ సొమ్ము మనం లాగేసుకుంటున్నామని ప్లినీ అన్న మాట మనకి ముద్దుగా ఉంది కాబట్టి నమ్ముతాం. అదే చేత్తో రాసిన ఈ మాట ఎంత తప్పిందో కూడా మనకి తెలిసుండాలి.

ఇక సమాధి సంగతి. డెన్మార్క్‌లో లోలాండ్ దీవిలో హోబీ అనే చోట 1920లో ఒక సమాధి బయటపడింది. అందులో దొరికినవి కోపెన్‌హేగన్ జాతీయ మ్యూజియంలో పెట్టారు. నేను రెండేళ్ళ క్రితం చూశాను. క్రీ.శ. 1వ శతాబ్దం మొదట్లో చనిపోయిన ఒక మగమనిషి, నడివయసువాడు. పక్కన కంచు పాత్రలు, తాగడానికి కొమ్ములు, ఉంగరాలు, పరలోకానికి పంది మాంసం. వీటన్నిటి మధ్య రెండు వెండి గిన్నెలు.

ఆ గిన్నెల ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. ఒకదాని మీద ట్రాయ్ రాజు ప్రియామ్ మోకాళ్ళ మీద ఉన్నాడు. ముసలాయన. తన కొడుకు హెక్టర్‌ని చంపిన అకిలీస్ ముందు వంగి, ఆ చంపిన చేతినే ముద్దు పెట్టుకుంటున్నాడు. ఎందుకు? కొడుకు శవాన్ని ఇవ్వమని, దహనం చేసుకుంటానని. రెండో గిన్నె మీద పాము కాటుతో పుండుపడ్డ కాలితో గ్రీకు వీరుడు ఫిలాక్టెటీస్ ఉన్నాడు. చేసినవాడు కైరిసోఫోస్ తన పేరు చెక్కుకున్నాడు. అడుగున సిలియస్ అని గీసి ఉంది. క్రీ.శ. 14 నుంచి 21 దాకా ఎగువ జర్మనీలో రోమన్ సైన్యాధిపతి పేరు గయస్ సిలియస్. ఆయనే ఈ గిన్నెల్ని ఉత్తరాదిన ఒక పెద్దకి కానుకగా ఇచ్చాడని ఎక్కువమంది నమ్మకం. తండ్రి కొడుకు అంత్యక్రియల కోసం బతిమాలుతున్న బొమ్మ, ఎవరి కొడుకో ఎవరి తండ్రో అయిన ఒక మనిషి పక్కన నేలలోకి వెళ్ళింది. రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తోంది.

కాబట్టి సమాధులు దండగ అని నేను చచ్చినా అనను. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఊరిదిబ్బల్లో ఏ పొర ఏ కాలానిదో చెప్పగలుగుతున్నామంటే దానిలో పెద్ద వాటా సమాధులదే. బట్ట జారకుండా భుజం దగ్గర పెట్టుకునే పిన్నీసులు, రోమ్ నుంచి వచ్చిన కంచు గిన్నెలు ఒక్కో సమాధిలో ఒక్కసారే, ఒక్కరోజే పూడ్చారు. ఏది దేనితో కలిసి దొరికిందో వరసపెట్టుకుంటే కాలం తేలుతుంది. 1950లలో హాన్స్ యుర్గెన్ ఎగర్స్ అనే జర్మన్ పురావస్తు శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిలోనే రోమన్ సరిహద్దుకి ఆవలి ప్రాంతాలకు కాలపట్టిక వేశాడు. తొలి రోమన్ కాలం, మలి రోమన్ కాలం అని ఇవాళ మనం విడదీసి మాట్లాడుకోవడానికి పునాది అదే. టాసిటస్ చెప్పిందాన్ని సరిదిద్దిన సమాధులూ ఉన్నాయి. జర్మన్లు అంత్యక్రియల్లో ఆర్భాటం చెయ్యరు, చితి మీద బట్టలూ సుగంధాలూ వెయ్యరు, పైన పచ్చిక గడ్డలు పేరుస్తారు అంతే అన్నాడాయన. హోబీ పెద్దమనిషిని అసలు కాల్చనేలేదు, ఆర్భాటానికి లోటూ చెయ్యలేదు.

కానీ సమాధి ఎవరు కట్టారో మర్చిపోకూడదు. పోయినవాడు కట్టుకోలేదు, ఉన్నవాళ్ళు కట్టారు. పెట్టింది ప్రతిదీ నలుగురూ చూస్తుండగా, ఏరి కోరి పెట్టారు. మనింట్లో దినం నాడు పెట్టే ఫొటో ఎలాంటిదో అలాంటిదే. పెళ్ళిలో తీసిన ఫొటో పెడతాం గానీ మంచాన పడ్డప్పటిది పెట్టం. కొట్టంలో పేడ ఎత్తేటప్పుడు తీసిన ఫొటో అయితే ఎవరూ తీయనే తీయరు. హోబీ సమాధి ఒక పెద్దింటి దుఃఖాన్ని చూపిస్తుంది, ఆ ఇంటి ప్రతిష్ఠని చూపిస్తుంది. ఆ పెద్దాయన పందుల్ని ఎవరు మేపారో, గిన్నెలు ఎవరు తోమారో అందులో ఉండదు. సమాధికి దగ్గర్లో ఆయన కాలానిదే ఊరు కూడా ఉందని తర్వాత తవ్వితే తెలిసింది. గిన్నెలు చూడటానికి వచ్చినవాళ్ళలో ఎంతమంది ఆ ఊరి గురించి అడుగుతారు?

అసలు సమాధులే లేనివాళ్ళ మాటేమిటి? టెర్ప్‌ల ప్రాంతంలో, రోమన్ల కాలంలో, పద్ధతిగా ఉన్న శ్మశానాలు దాదాపు కనబడవు. ఇన్ని వందల ఏళ్ళు ఇంతమంది పుట్టి పోయినా, ఎముకలు అక్కడో ముక్క ఇక్కడో ముక్క ఊరి మట్టిలోనే దొరుకుతాయి. ఇంకా ముందటి కాలంలో, ఎంగ్లుమ్ అనే ఊరి దిబ్బలో పేడ పొరలో 8 మనిషి పుర్రెలు దొరికాయి. అవి అనుకోకుండా పడ్డవి కావు, ఒక పద్ధతి ప్రకారం పెట్టినవే అంటున్నారు వాటిని పరిశీలించినవాళ్ళు. అంటే ఇక్కడ పోయినవాళ్ళ చోటు కూడా ఊరిదిబ్బే. దాన్ని పారతో కోసి పడవకెత్తితే ఊరూ పోయింది, ఊళ్ళో పోయినవాళ్ళూ పోయారు.

19వ శతాబ్దం నుంచి 20వ శతాబ్దం సగం దాకా ఇక్కడ జరిగింది అదే. పేడ, బూడిద, ఎముకలు నిండిన మట్టి కాబట్టి ఇసుక నేలలకి, పీట్ నేలలకి బంగారంలా పనిచేసేది. దిబ్బల దాకా కాలవలు తవ్వి మరీ పడవల్లో తరలించారు. రసాయన ఎరువులు రావడంతో ఆ వ్యాపారం ఆగింది. ఆ రైతుల్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. మా తాతయ్యా అదే పని చేశాడు, పంట కోసం చేశాడు. ఆల్బర్ట్ వాన్ గిఫెన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు ఆ పారల వెనకాలే తిరిగాడు. తవ్వేవాళ్ళు ఏం బయటపెడుతున్నారో రాసుకున్నాడు, 1916లో టెర్ప్‌ల పరిశోధన కోసం ఒక సంఘం పెట్టించాడు, 1923 నుంచి పదేళ్ళకు పైగా ఎజింగెలో తవ్వి, ఒకదాని మీద ఒకటి కట్టిన ఇళ్ళని తడికె గోడలతో సహా బయటికి తెచ్చాడు. ఆయన లేకపోతే ఎజింగె కూడా మిరపతోటకి పోయినట్టే.

ఆ మట్టిలో ఎలాంటివి ఉండొచ్చో ఒక్కటి చెబుతాను. 1914లో ఫ్రీస్‌లాండ్‌లో టోల్సుమ్ అనే చోటి టెర్ప్‌లో ఒక చెక్కపలక దొరికింది. రోమన్లు పలక మీద మైనం పూసి, దాని మీద ఇనుప కొనతో రాసేవారు. మైనం ఎప్పుడో పోయింది, కొన లోతుగా దిగిన చోట చెక్క మీద గీతలు మిగిలాయి. ఆవు కొన్న కాగితమని మొదట చదివారు. తొంభై ఏళ్ళ పాటు పుస్తకాలన్నీ అదే రాశాయి. 2009లో కొత్త ఫొటో పద్ధతులతో మళ్ళీ చదివితే ఆవు లేదు, అది అప్పుపత్రం. తారీఖు క్రీ.శ. 29.

ఆ తారీఖుకి ముందటేడు, క్రీ.శ. 28లో, ఇదే ఫ్రీసియన్లు రోమ్ మీద తిరగబడ్డారు. కారణం టాసిటస్ రాశాడు. ఎద్దు తోళ్ళు పన్నుగా కట్టమని రోమ్ పెట్టిన నియమం పాతదే. ఒలెన్నియస్ అనే అధికారి వచ్చి, తోలు అడవిదున్న తోలంత ఉంటేనే తీసుకుంటానన్నాడు. వీళ్ళ పశువులు చిన్నవి. ముందు పశువుల్నిచ్చారు, తర్వాత పొలాలిచ్చారు, చివరికి పెళ్ళాం పిల్లల్ని బానిసలుగా ఇచ్చారు. ఆఖరికి పన్ను వసూలుకొచ్చిన సైనికుల్ని ఉరితీశారు. మన దగ్గర శిస్తు కట్టలేక పొలం వదులుకున్న కుటుంబాల కథలు విని పెరిగినవాళ్ళకి ఈ వరస విడమర్చి చెప్పక్కర్లేదు. వీళ్ళ పశువులు చిన్నవన్న సంగతికి ఇప్పుడు టాసిటస్ మాట ఒక్కటే ఆధారం కాదు, ఊరిదిబ్బల్లోని ఎముకలు కొలిస్తే అదే తేలుతుంది. ఏ రాజు సమాధిలోనూ ఆ ఎముకలు పెట్టరు.

ఇంటికి వస్తాను. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు మమ్మల్ని అమరావతి తీసుకెళ్ళారు. స్తూపం చూశాం, సున్నపురాతి పద్మాలు చూశాం. స్తూపం అంటే ధాతువుల మీద, అంటే అస్థికల మీద, కట్టిన దిబ్బ, ఒక రకంగా సమాధే. జనం దాన్ని దీపాలదిన్నె అనేవారు. 18వ శతాబ్దం చివర్లో జమీందారు ఇటుకల కోసం దాన్ని తవ్వించాడు, 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కోలిన్ మెకంజీ వచ్చి చూశాడు, ఆ తర్వాత ఎంత రాయి సున్నమైపోయిందో, ఎంత లండన్ చేరిందో మనందరికీ తెలిసిన బాధే. ఆ బాధ గురించి ఎన్నో వ్యాసాలు వచ్చాయి, రావాలి కూడా. కానీ ఆ రోజు మా బస్సు ధరణికోట పక్క నుంచే వెళ్ళింది. ధాన్యకటకం అనే మహానగరం అదే. స్తూపానికి రాయి మోసినవాళ్ళు, చెక్కినవాళ్ళు, దానాలిచ్చిన వర్తకులు బతికింది అక్కడ. 1960లలో తవ్వితే కృష్ణలోంచి పడవలు వచ్చే కాలవ, సరుకు దించే రేవు బయటపడ్డాయి. అగస్టస్ నాణేలు మన దాకా వచ్చిన దారుల్ని అర్థం చేసుకోవాలంటే అలాంటి రేవు కంటే ఏం కావాలి? బస్సులో ఒక్కరూ అటు వేలు చూపించలేదు. మాష్టారిదీ తప్పు కాదు, చూపించడానికి అక్కడ బోర్డయినా ఉండాలిగా.

ఊరిదిబ్బ తవ్వడం ఖర్చుతో, ఓపికతో కూడిన పని అని నాకు తెలుసు. సమాధి వారంలో తేలిపోతుంది, బంగారం దొరికితే మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. ఫెడర్సెన్ వీర్డెకి తొమ్మిదేళ్ళు పట్టింది. అన్నీ తవ్వమని నేను అడగట్లేదు. తవ్వనక్కర్లేదు, తవ్వనివ్వకుండా ఉంటే చాలు. దిబ్బ ఎక్కడుందో, ఎంత ఎత్తుందో, సర్వే నంబరెంతో రాసిపెట్టుకోవడానికి తొమ్మిదేళ్ళు పట్టదు.

పోయిన నెల మా మేనమామకి ఫోన్ చేసి పాటిదిబ్బ సంగతి అడిగాను. సగం ఎప్పుడో పొలాలకి పోయిందన్నాడు. మిగిలినదాన్ని మూడేళ్ళ క్రితం జేసీబీ పెట్టి చదును చేసి ప్లాట్లు వేశారట. నాకు కాసేపు మాట రాలేదు.

ఆ ఫోన్‌కి వారం ముందే మళ్ళీ ఎజింగె వెళ్ళొచ్చాను. ఈసారి మ్యూజియంలోకి వెళ్ళకుండా దిబ్బ చుట్టూ నడిచాను. ఒక పక్క నేల ఉన్నట్టుండి దిగిపోతుంది, పారలు ఆగిన చోటది. ఆ అంచు నుంచి చూస్తే పైన చర్చి, దాని చుట్టూ సమాధి రాళ్ళు కనబడతాయి. ఈ తీరంలో చాలా దిబ్బలకి మిగిలిన ముక్క అదే, చర్చీ దాని శ్మశానం ఉన్న ముక్క. ఎంత ఆశ ఉన్నా జనం తమ తాతముత్తాతల మీదికి పార ఎత్తలేకపోయారు. ఊరిని తక్కువ చూసి సమాధిని నెత్తిన పెట్టుకుంటున్నాం అని ఇంతసేపూ వాదించాను కదా, ఆ ఊరిని చివరికి కాపాడింది సమాధులే.

ఫోన్లో మామయ్య కూడా నేను ఏమీ మాట్లాడకపోయేసరికి, "మొత్తం పోలేదులేరా" అన్నాడు. "పోలేరమ్మ గుడి ఉందే, ఆ ముక్క జోలికి ఎవరూ పోలేదు. గుడి వెనకాల ఇప్పటికీ నీ నడుమెత్తు మట్టి ఉంది. వానాకాలం వెళ్తే పెంకులు అలాగే తేల్తాయి."